దాపుడు గోడ కట్టిన రాయమల్లు

మంచిర్యాల దాటి గోదావరి వైపు రెండు మైళ్లు నడిస్తే మిట్ట మీద ఒక పెంకుల బంగ్లా కనిపించేది. నిజాం కాలంలో రైలు పట్టాలు పడుతున్నప్పుడు ఒక ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని కట్టించుకున్నాడు. ఆయన పేరు పలకడం రాక ఊళ్లోవాళ్లు ‘పట్టాల దొర’ అనేవారు. దొర వెళ్లిపోయాక బంగ్లాకు కొన్నేళ్లు తాళం పడింది. పోలీసు చర్య అయిన నాలుగేళ్లకు మిషన్ వాళ్లు దాన్ని కొని ఆడపిల్లల బోర్డింగు పెట్టారు. 1961లో నేను ఆ బోర్డింగులో తెలుగు టీచరుగా చేరాను.

చేరిన రోజు సాయంత్రం వరండాలో కూర్చుని చూస్తే నాకు ఒకటి అర్థం కాలేదు. బంగ్లా ముందు పచ్చిక, పచ్చిక వెనుక జొన్న చేలు, చేల వెనుక నది, అంతా ఒకటే నేలలా సాగిపోయింది. మధ్యలో కంచె లేదు, ప్రహరీ లేదు. కోతలైపోయిన చేలల్లో బర్రెలు మేస్తున్నాయి. అవి తోటలోకి ఎందుకు రావడం లేదని అడిగితే బోర్డింగు పెద్దమ్మ రిబ్కమ్మగారు నవ్వి, చేయి పట్టుకుని పచ్చిక చివరిదాకా తీసుకుపోయింది. ఇంకో రెండడుగులు వేస్తే పడేదాన్ని. నేల అక్కడ నిలువుగా తెగిపోయి ఉంది. కింద మనిషెత్తు రాతిగోడ. గోడ పాదం దగ్గర కందకం, అక్కడి నుంచి చేను వైపు మట్టి ఏటవాలుగా పైకి లేచింది. పశువు కందకంలోకి దిగి గోడ చూసి ఆగిపోతుంది. వరండాలో ఉన్నవాళ్లకు గోడ కనిపించదు, కందకమూ కనిపించదు, అందులో నిలబడిన మనిషి కూడా కనిపించడు. ఊళ్లో దాన్ని దాపుడు గోడ అనేవారు.

ఆ గోడ కట్టింది వడ్డె గంగయ్య. దొర కాగితం మీద గీసి చూపిస్తే, గంగయ్య నేల మీద తాడు వేసి కట్టాడట. నేను వచ్చేసరికి గంగయ్య లేడు. అతని కొడుకు రాయమల్లు ఉన్నాడు. అప్పటికి నలభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఏ ముఖం బయటికి పెట్టాలో చూసుకుని, ఒక్క సుత్తి దెబ్బతో దాని మూల తీసేవాడు. ఆ దెబ్బ తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ‘మా బాపు గోడ’ అని దాపుడు గోడను చూపించేటప్పుడు అతని గొంతు మారిపోయేది.

1962 వానలకు ఆ గోడ ఒకచోట, ఇరవై అడుగుల మేర, కడుపులా ఉబ్బి ముందుకు వచ్చింది. రిబ్కమ్మగారు రాయమల్లునే పిలిచింది. విప్పి మళ్లీ కట్టడానికి పదిహేను రోజులు పడుతుందని చెప్పాడు. ఎండాకాలంలో మొదలుపెడతానన్నాడు కానీ ఒక పని మీద ఇంకో పని వచ్చిపడి, మొదలుపెట్టేసరికి మరుసటి జూన్ వచ్చింది.

అప్పుడే అతనికి ఒక కబురు అందింది. బొగ్గు గనుల దగ్గర క్వార్టర్లు కడుతున్నారు, ముప్పై మంది మీద పెద్ద మేస్త్రీగా రమ్మని. వచ్చే సోమవారానికి అక్కడుండాలి, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. రాయమల్లు జీవితంలో ఎవరూ అతన్ని పెద్ద మేస్త్రీ అని పిలవలేదు. ఆ మాట అతని చెవిలో తిరుగుతూ ఉండిపోయిందని తర్వాత అతనే నాతో చెప్పాడు.

పదిహేను రోజుల పని ఆరు రోజుల్లో చేశాడు. ఎలా చేశాడో చెప్పాలంటే ఆ గోడ సంగతి కొంచెం చెప్పాలి. గోడ వెనుక ఉన్నదంతా మట్టి. వాన పడితే మట్టి నీళ్లు తాగి ఉబ్బి గోడను నెడుతుంది. అందుకని గంగయ్య ప్రతి నాలుగు అడుగులకు ఒక కన్నం పెట్టాడు. కన్నం వెనుక కంకర నింపాడు. మట్టిలో నీళ్లు కంకరలోకి దిగి, కన్నం గుండా కందకంలోకి కారిపోతాయి. ఒక్కో కన్నానికి రాయిని వాలుగా తొలవాలి, కంకర జల్లెడ పట్టి నింపాలి. పదిహేను రోజుల్లో సగం రోజులు వాటికే పోతాయి.

రాయమల్లు కన్నాలు పెట్టలేదు. వెనుక మట్టే కూరాడు. ముందు రాళ్ల సందులు కొత్తగా దొరుకుతున్న సిమెంటుతో పూశాడు. చూడటానికి పాత గోడ కంటే అందంగా వచ్చింది.

ఆ సంగతి ఒక్కరే గమనించారు. తోటమాలి మైసయ్య. మెత్తని మనిషి, మొక్కలతో కూడా గట్టిగా మాట్లాడడు. కందకంలోకి దిగి కొత్త గోడను చేత్తో తడిమి చూశాడు.

“అన్నా, పాత గోడకు కన్నాలున్నయి గదా. దీనికి పెట్టలేవేంది?”

“నువ్వు చెట్లు చూసుకో తమ్మీ. రాళ్ల సంగతి నేను చూసుకుంట,” అన్నాడు రాయమల్లు.

“గట్ల గాదన్నా, ఊకెనే అడిగిన.”

“సిమెంటు పెట్టినంక కన్నాలెందుకు? మా బాపు దినాలల్ల సిమెంటు ఎక్కడిది?”

మైసయ్య తలూపి వెళ్లిపోయాడు. గంగయ్య కొడుకు చెప్పాక ఇంకేముంది అనుకున్నాడు. రాయమల్లుకు మాత్రం ఆ మాట అంటుండగానే తెలుసు, అది అబద్ధమని.

ఆ ఏడు వానలు పలుచగా పడ్డాయి. గోడ నిలిచింది. మరుసటి ఏడు, 1964 ఆగస్టులో, నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున పిల్లలు వరండాలో కూర్చుని గంజి తాగుతున్నారు. బండి బోల్తా పడినట్టు ఒక చప్పుడు వచ్చింది. అందరం లేచి చూశాం. పచ్చిక ఉంది, చేలు ఉన్నాయి, నది ఉంది. ఏమీ కనిపించలేదు. పిడుగేమో అన్నారు ఒకరు. పిల్లలు మళ్లీ కూర్చున్నారు. ఆ తర్వాత ఎంతసేపటికో మైసయ్య అరుపు వినిపించింది.

లచ్చవ్వ అని మిషన్ గూడెంలో ఒక విధవరాలు ఉండేది. రెండు బర్రెల పాలు అమ్ముకుని బతికేది. కందకంలో గడ్డి బాగా పెరుగుతుందని రోజూ అక్కడికే కోతకు వచ్చేది. ఇరవై అడుగుల గోడ ఆమె మీదికి వచ్చింది. నడుము దాకా రాళ్లలో ఉంది. ఆమె పిలుస్తూనే ఉందట. వానలో మాకు వినపడలేదు, మేం ఉన్నచోటి నుంచి ఆమె కనపడలేదు. మైసయ్య గోళ్లు ఊడిపోయేదాకా రాళ్లు తీశాడు. మంచం మీద వేసుకుని నలుగురు ఆసుపత్రికి మోసుకుపోయారు. ప్రాణం దక్కింది. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగి, వంకరగా అతుక్కుంది. బర్రెలు అమ్మేసింది. బోర్డింగు వంటింట్లో బియ్యంలో రాళ్లు ఏరే పనిలో రిబ్కమ్మగారు ఆమెను కూర్చోబెట్టింది.

గోడ ఎందుకు కూలిందో తేల్చడానికి మిషన్ పెద్దలు ఇద్దరు వచ్చారు. పచ్చిక అంచున మైసయ్య వేసిన వంకాయ మడి ఉంది. బావి నుంచి దానికి ఒక బోదె తీశాడు. ముసురులో బోదె నిండి పొంగింది. పెద్దలు అది చూశారు. గనుల దగ్గరి నుంచి రాయమల్లును పిలిపించారు. అతను వచ్చి, కూలిన చోట నిలబడ్డాడు.

“బోదె నీళ్లు దిగి గోడ నానిందా మేస్త్రీ?” అని ఒక పెద్దాయన అడిగాడు.

ఆ ప్రశ్నలో జవాబు కూడా ఉంది. రాయమల్లు దాన్ని తీసుకున్నాడు.

“గంతే సార్. నీళ్లు దిగినయి,” అన్నాడు.

ఆ మాట కాగితం మీద పెట్టమన్నారు. రాసింది నేనే. అతను చెప్పింది రెండు ముక్కలు. నేను దాన్ని పుస్తకాల భాషలో నాలుగు వాక్యాలు చేశాను. “గోడ నిర్మాణంలో ఎట్టి లోపమూ లేదు” అన్న వాక్యం అతని నోట్లోంచి రాలేదు. నాకు బాగుందని నేను చేర్చాను. చదివి వినిపిస్తే తల వంచుకుని వేలిముద్ర వేశాడు. మైసయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. కన్నాల మాట అతను ఎత్తలేదు. అతనికి గుర్తుకే రాలేదు. మేస్త్రీ చెప్పాడు కాబట్టి తప్పు తనదేనని నమ్మేశాడు.

వారం రోజుల్లో మైసయ్య, అతని భార్య బాలవ్వ సామాను కట్టుకుని బెల్లంపల్లికి పోయారు. అక్కడ బొగ్గు గనిలో, లోపలికి దిగక్కర్లేని పైపని దొరికిందని తెలిసింది.

కూలిన గోడను మళ్లీ రాయమల్లుకే అప్పగించారు. ఈసారి అతను క్వార్టర్ల పని వదిలేసి వచ్చాడు. కూలినచోటు పక్కనే తండ్రి కట్టిన గోడ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. వాన ఆగి పది రోజులైనా దాని కన్నాల్లోంచి సన్నగా నీళ్లు కారుతూనే ఉన్నాయి. రాయమల్లు వాటి ముందు కూర్చుని రాళ్లు తొలిచాడు. అతని భార్య కొమురవ్వ రాళ్ల మధ్య పెట్టే మాలు కలిపి మోసేది. మొదటిసారి కట్టినప్పుడు కూడా మోసింది ఆమే. మూడో రోజున తట్ట దించి నిలబడింది.

“పోయినసారి గివి పెట్టినమా?” అని అడిగింది.

రాయమల్లు సుత్తి ఆపలేదు.

“నిన్నే అడుగుతున్న. పెట్టినమా?”

“పెట్టలే.”

కొమురవ్వ కందకంలో అలాగే కూలబడింది. “నేను గూడ మోసిన గదయ్యా గా మాలు,” అంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి భర్త ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేసింది.

రెండున్నరేళ్లు గడిచాయి. రాయమల్లు బంగ్లా వైపు రావడం మానేశాడు. చేలకు అడ్డంపడి, ముళ్ల తోవన తిరిగి వెళ్లేవాడు. ‘గంగయ్య కొడుకు’ అని ఎవరైనా పిలిస్తే అతని ముఖం మాడిపోయేది. వేములవాడ గుడికి పోయి మొక్కుగా కోడెను కట్టి వచ్చాడు. అక్కడి దేవుడు రాజన్న ముందు నిలబడితే, ఎందుకొచ్చాడో చెప్పుకోవడానికి మనసులో కూడా మాట రాలేదట. లోపల ఎవరికీ వినపడని చోట కూడా తనకు సిగ్గేసింది అన్నాడు.

1967 మొదట్లో మంచిర్యాల అంగడిలో లచ్చవ్వ అతనికి ఎదురుపడింది. చేతికర్ర మీద ఆనుకుని వంకాయలు ఏరుకుంటోంది. అతను తప్పుకోబోతే ఆమే పిలిచింది.

“ఏం మేస్త్రీ, కండ్లకు కనపడ్తలేవు. నీ గోడ మంచిగున్నది. మొన్నటి వానలకు ఒక్క రాయి కదల్లే. మీ బాపు చెయ్యి నీకొచ్చిందని అందరు అంటున్నరు.”

రాయమల్లు అక్కడే, జనం మధ్యలో, ఉన్నదంతా చెప్పేశాడు. కన్నాలు పెట్టని సంగతి, మైసయ్య అడిగిన సంగతి, పెద్దలకు చెప్పిన అబద్ధం. చెప్పి, కొడుతుందేమోనని ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

లచ్చవ్వ కొట్టలేదు, ఏడవలేదు. చేతిలోని వంకాయలు మళ్లీ కుప్పలో పెట్టేసింది.

“మైసయ్య పోయేటప్పుడు ఆసుపత్రికొచ్చిండు,” అంది. “మంచం కాడ కూసోని నా కాళ్లు పట్టుకున్నడు. అక్కా, నాతోటి తప్పయింది అన్నడు. నేను మొఖం అటు తిప్పుకున్న. నన్ను రాళ్లల్లకెల్లి తీసిన మనిషి వాడు. నీళ్లు తాగుమని గూడ అనలే నేను.” కర్రను రెండో చేతికి మార్చుకుంది. “నా కాలు పోతే పోయింది మేస్త్రీ. నాతోటి గా పని ఎందుకు చేపిచ్చినవు?”

రాయమల్లు ఆమె కర్ర వైపు చూశాడు.

“నడువు. బెల్లంపల్లి పోదాం. నేను గూడ వస్త,” అంది లచ్చవ్వ.

మరునాడు ఇద్దరూ రైలెక్కారు. మైసయ్య ఉండేది బొగ్గు పని వాళ్ల ఇళ్ల వరుసలో. ఆ వరుసలో ప్రతి ఇంటి ముందూ ఒక బీరపాదో, నాలుగు బంతి మొక్కలో ఉన్నాయి. మైసయ్య వాకిలి మాత్రం నున్నగా ఊడ్చిన మట్టి. అతను పనిలోంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. లచ్చవ్వను చూసి చెంబు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. కర్ర వైపు, కాలి వైపు చూశాడు. అతని ముఖంలో భయం కనిపించిందట.

రాయమల్లు నిలబడే చెప్పాడు. మైసయ్య విన్నాడు. విని, తోటపని గురించి అడిగినట్టు మెల్లగా అడిగాడు.

“కన్నాలుంటే గా బోదె నీళ్లు ఎల్లిపోతుండెనా అన్నా?”

“పోతుండె తమ్మీ.”

“ముసురు నీళ్లు, బోదె నీళ్లు, రెండు గలిసినా?”

“గంతకు రెండింతలైనా పోతుండె.”

“నిజంగనా?”

“నిజం.”

“నిజంగనా అన్నా?” అని ఇంకోసారి అడిగి మైసయ్య గడప మీద కూర్చుండిపోయాడు.

లోపలి నుంచి బాలవ్వ వచ్చింది. ఆమెకు మాటలన్నీ వినపడ్డాయి. “మూడేండ్లు!” అంది. “మూడేండ్ల సంది ఈయన ఒక్క మొక్కకు నీళ్లు పోయలే. నేను పాదు పెడితే పీకేసిండు. నీళ్లు పోస్తే ఎవలకేమైతదో అంటడు. నిద్రల లేసి రాళ్లు తీస్తున్నట్టు చేతులు ఆడిస్తడు. ఇంత చేసి, ఇప్పుడొచ్చి మా వాకిట్ల చెప్తే అయిపాయెనా? అక్కడ పెద్దల ముంగట చెప్పినవు గదా, పోయి అక్కడ చెప్పు!”

లచ్చవ్వ కర్ర పక్కన పెట్టి, కష్టపడి నేల మీద కూర్చుని, మైసయ్య చేయి పట్టుకుంది. ఏమందో రాయమల్లు వినలేదు. అక్కడ నిలబడలేక వీధిలోకి వచ్చేశాడు.

ఆ ఆదివారం బోర్డింగు ప్రార్థన అయిపోయాక రాయమల్లు మిషన్ గుడి మెట్ల కింద నిలబడ్డాడు. చెప్పులు విడిచి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కొమురవ్వ కూడా వచ్చి అతని పక్కన నిలబడింది. బెల్లంపల్లి నుంచి మైసయ్య, బాలవ్వ వచ్చారు. గూడెం వాళ్లు, పిల్లలు, అప్పటి పెద్దల్లో ఒకరు, అందరూ ఉన్నారు. రాయమల్లు నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించినా రాలేదు.

రిబ్కమ్మగారు నా వైపు తిరిగి, “ఆ కాగితం తీసుకురా బిడ్డా,” అంది.

పెట్టెలోంచి తెచ్చాను. ఒక్కో వాక్యం చదవమంది. నా అక్షరాలు నాకే గుండ్రంగా, ముచ్చటగా కనిపించి ఒళ్లంతా కుంచించుకుపోయింది.

“బోదె నీరు ఇంకుట చేత గోడ కూలినది.”

“అబద్ధం,” అన్నాడు రాయమల్లు. ఈసారి మాట వచ్చింది.

“తోటమాలి అజాగ్రత్తయే ఇందుకు కారణము.”

“అబద్ధం.”

“గోడ నిర్మాణంలో ఎట్టి లోపమూ లేదు.”

ఇక్కడ నేను ఆగి, “ఈ మాట ఆయన చెప్పలేదు, నేను రాశాను,” అన్నాను. ఎవరూ నావైపు చూడలేదు. రాయమల్లు దానికి కూడా “అబద్ధం” అన్నాడు.

“ఈ సంగతి నా మనస్సాక్షిగా చెప్పుచున్నాను.”

దానికి అతను తలపాగా గుడ్డలో ముఖం దాచుకున్నాడు.

రిబ్కమ్మగారు మైసయ్యను మళ్లీ తోటపనికి రమ్మంది. రానన్నాడు. కోపంతో కాదు. గనిలో తోటివాళ్లు తనను మంచిగా చూస్తారని, అక్కడ ఈ కథ ఎవరికీ తెలియదని చెప్పాడు. పెద్దాయన రాయమల్లును ఏమీ అనలేదు, ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని చింపేశాడు. లచ్చవ్వ అందరికంటే ముందే వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ కబురు మంచిర్యాల అంతా పాకింది. ఏడాది దాకా ఎవరూ రాయమల్లుతో గోడ కట్టించుకోలేదు. అతను, కొమురవ్వ పోచంపాడు ఆనకట్ట పనికి పోయారు. అక్కడ అతను మేస్త్రీ కాదు, రాళ్లు అందించే కూలీ. 1968 ఎండాకాలంలో ఊరికొచ్చి నన్ను చూడటానికి బోర్డింగుకు వచ్చాడు. నాకు తెలియని ముక్కలన్నీ అప్పుడే చెప్పాడు. ఇప్పుడు మనసు తేలికపడిందా అని అడిగాను.

“లేదు టీచరమ్మా,” అన్నాడు. “మొదలు ఎవరికన్న ఎర్కైతదని సిగ్గుండె. గది పోయింది. ఇప్పుడు ఇంకో తీరు సిగ్గు. మైసయ్య నన్ను తిట్టలే. నిజంగనా అని అడిగిండు. నా మాట మీద వానికి ఇంకా గంత నమ్మకమున్నది చూడు, గది యాదికొస్తే అన్నం దిగదు.”

ముందురోజు స్టేషనులో మైసయ్య కనిపించాడని చెప్పాడు. బెల్లంపల్లి బండి కోసం ఎదుటి ప్లాట్‌ఫారం మీద సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఇద్దరి మధ్య పట్టాలు. రాయమల్లు చూపు దించుకోబోతుంటే అటునుంచి కేక వినపడింది.

“బాగున్నవా అన్నా?”

రాయమల్లు తలూపాడు. ఇంకేదో అనబోయేలోపు బండి వచ్చింది.

“ఆ కేక సంగతి కొమురవ్వకు చెప్పినవా?” అని అడిగాను.

“చెప్పిన. రాత్రి నా ఎదురుంగ కూసోని తిన్నది,” అన్నాడు. లేచి, చెప్పులు తొడుక్కుని, పోచంపాడు బస్సు పోతుందని గబగబా వెళ్లిపోయాడు.